టెంక పట్టని నల్ల బెల్టు

నిన్న పొద్దున్నే మా తమ్ముడు చిన్నరసాల పెట్టె ఒకటి తెచ్చి మా అరుగు మీద దింపాడు. ఏటా తెస్తాడు. తెచ్చిన ప్రతిసారీ ఇది మొదటి కోత అనీ, ఇంకా ఎవరికీ ఇవ్వలేదనీ, ముందు అక్కకే అనీ చెప్తాడు. నేను సరేలే అని పైవరస తీసి చూస్తాను. పైవరస కాయలు చూడముచ్చటగా ఉంటాయి. కింద వరసల్లో ఉండేవి వాటికి దూరపు చుట్టాలు కూడా కావు. తోడబుట్టిన అక్కకి కూడా పైవరస పేర్చి తెచ్చే మనిషిని ఏమనాలో నాకు ఇన్నేళ్ళొచ్చినా తెలీలేదు. అయితే నిన్న నా చూపు కాయల మీదికి పోలేదు. పెట్టె చుట్టూ బిగించి కట్టిన తాడు మీదికి పోయింది. తాడు కాదది, నల్లగుడ్డ బెల్టు. ఎండకీ వానకీ నలుపు వెలిసిపోయి బూడిదరంగుకి దిగింది. పొడుగునా మామిడి సొన మరకలు. ఒక చివర బంగారు దారంతో కుట్టించిన మా మేనకోడలి పేరు, సగం అక్షరాలు ఊడి దారాలు వేలాడుతున్నాయి. నేను దాన్నే చూస్తున్నానని కనిపెట్టి, "విప్పాక ఇటియ్యి అక్కా, గట్టి సరుకు" అన్నాడు. గట్టి సరుకట. నిజమే, ఆ బెల్టుకి ఇన్నాళ్ళ జీవితంలో పెట్టెలు కట్టడం తప్ప ఇంకో పని పడలేదు కాబట్టి గట్టిగానే ఉంది.

మా తమ్ముడి గురించి ముందు చెప్పాలి. నూజివీడులో మామిడి వ్యాపారం. మా నాన్న చేశాడు, వీడూ చేస్తున్నాడు. మా దగ్గర తోటలు కాయ చూసి కొనరు, పూత చూసి కొంటారు. రెడ్డిగూడెం వైపు తోటల్లో పూత విరగబూసిందని కబురొస్తే చాలు, ఈయనగారు మోపెడ్ ఎక్కి వెళ్ళి, చెట్టు కింద నిలబడి తల పైకెత్తి, ఇంత కాయ దిగుతుందని గాల్లోనే లెక్క కట్టి తోట మొత్తం మాట్లాడేసుకుని వస్తాడు. ఆ తర్వాత మంచు పడితే పూత మాడుతుంది, గాలొస్తే పిందె రాలుతుంది. అదంతా చెట్టు తప్పు, దేవుడి తప్పు, తోట రైతు తప్పు. ఆయన లెక్క మాత్రం ఎప్పుడూ తప్పు కాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మా ఇంట్లో పుట్టిందేమోనని నాకు అనుమానం. తోటలతో అలా ఆడుకుంటే నాకేం పోయింది, ఆయన ఖర్మ. కన్నకూతుర్ని కూడా పూత మీదే బేరం పెట్టాడు చూశారూ, అక్కడే నాకు ఒళ్ళు మండింది.

మేనకోడలు ఏడో తరగతిలో ఉన్నప్పటి మాట. అంతకు ముందు ఏడు స్కూలు నుంచి వస్తుంటే ఆటో బోల్తాపడి పిల్ల ఎడమ కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పారు, డాక్టరు ఇంక భయం లేదన్నాడు. భయం మాత్రం ఆ కాలిలోనే ఉండిపోయింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది. బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ కాలిని అద్దెకి తెచ్చుకున్నదాన్లా జాగ్రత్తగా నేలకి ఆనించేది. స్కూల్లో వెధవలు కొందరు దాని నడక చేసి చూపించి నవ్వేవాళ్ళట. మా మరదలు ఏడ్చేది. మా తమ్ముడు ఏడవలేదు కానీ, చుట్టాల ముందు పిల్లని నడిపించడం మానేశాడు. కూర్చోమ్మా, కూర్చోమ్మా అనేవాడు. ప్రేమనుకునేరు. పైవరసలో మచ్చ కాయ కనపడకూడదు, అంతే.

అప్పుడొచ్చాడు మాస్టారు. చింతలపూడి వైపు మనిషి, బక్కపల్చగా ఉంటాడు, టైక్వాండో నేర్పుతానని ఊళ్ళో చోటు కోసం తిరుగుతున్నాడు. వానాకాలం నుంచి ఉగాది దాకా మా తమ్ముడి మామిడి షెడ్డు ఖాళీగా ఎలకలకి నిలయమై ఉంటుంది. సాయంత్రాలు పిల్లలు అక్కడ గెంతుకోవచ్చన్నాడు మా తమ్ముడు. దానకర్ణుడని బజారంతా పొగిడారు. మేనకోడలు తనంతట తనే వెళ్ళి చేరింది. మా ఎరువుల కొట్టు షెడ్డు పక్క వీధిలోనే కనక దాన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే పని నాకు పడింది. నేను గోడవార కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. పోయిన సీజన్ గడ్డి వాసన, కుళ్ళిన కాయ వాసన ఇంకా వదలని ఆ షెడ్డులో తెల్ల బట్టలు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి వంగి దణ్ణం పెట్టి, గాల్లోకి తన్నడం మొదట్లో నాకు నవ్వుగానే ఉండేది. పిల్లలు బాగానే ఉండేవాళ్ళండీ. నవ్వు రావలసింది పిల్లల్ని చూసి కాదు, నా పక్కన కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రుల్ని చూసి. ఒక్కొక్కరు తమ పిల్లాడు కాలెత్తితే చాలు షెడ్డు కప్పు లేచిపోయిందన్నట్టు చూసేవారు.

కొన్నాళ్ళకి మాస్టారు ఒకరోజు పిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరు ఒక గోల్ పెట్టుకోవాలన్నాడు. అది ఎవరికి వాళ్ళు పెట్టుకునేదై ఉండాలి, చిన్నదై ఉండాలి, అయిందో లేదో తమ కళ్ళతో తాము చూసుకునేలా ఉండాలి అని చెప్పాడు. మంచి మాటే. పిల్లలు ఆలోచించుకునే లోపల కుర్చీలు అందుకున్నాయి. ఒలింపిక్స్ అని చెప్పు, ఒలింపిక్స్ అని ఒకావిడ. ఐపీయస్ అని చెప్పరా అని ఇంకొకాయన. ఆ కుర్రాడికి అప్పటికి లాగు బొందు కట్టుకోవడం రాదు, రోజూ ఈయనే వచ్చి కడతాడు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందన్నట్టు ఆ సాయంత్రం మా షెడ్డులోంచి ఎంతమంది ఒలింపిక్స్‌కి బయల్దేరారో చెప్పలేను. మేనకోడలి వంతు వచ్చింది. అది లేచి, గోడ పట్టుకోకుండా నిలబడి, ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి కుడి కాలు తన నడుం ఎత్తుకి లేపి తన్నాలని ఉంది, పడిపోకుండా, అని చెప్పి కూర్చుంది. కుర్చీల్లోంచి ఒకావిడ పాపం అంది. మాస్టారు మాత్రం దాన్ని ఇంకోసారి చెప్పమని అందరికీ వినిపించాడు. సంగతి ఇంటికొచ్చాక విని మా తమ్ముడు మొహం ముడుచుకున్నాడు. ఇదీ ఒక గోలేనా, ఎవరికైనా చెప్పుకునేలా ఉండొద్దా అన్నాడు. ఎవరికో చెప్పుకోవడానికి కాదురా, దానికి నిలబడ్డానికి అన్నాను. నీకు వ్యాపారం తెలీదక్కా అన్నాడు. ఆయన దృష్టిలో నేను గెలిచిన ప్రతి వాదనా ఆ మాటతోనే ముగుస్తుంది.

ఇక తువ్వాలు సంగతి. మా మార్కెట్లో పెద్ద బేరాలు నోటితో చెయ్యరు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కుకుంటూ ధర అడుగుతారు, చెప్తారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకి మొహాలే తప్ప బేరం కనపడదు. అవతలివాడు ఆఖరికి మొత్తం చెయ్యి పట్టుకుని తల వంచాడంటే ఖాయమన్నట్టు. ఆ తర్వాత మాట తప్పినవాడితో మళ్ళీ ఎవరూ చెయ్యి కలపరు. పిందె వేసే రోజుల్లో ఒక సాయంత్రం మా తమ్ముడు మార్కెట్ యార్డు నుంచి తిన్నగా షెడ్డుకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు. పిల్లకి నల్ల బెల్టు ఎప్పటికొస్తుందని మాస్టార్ని అడిగాడు. పిల్లని బట్టి ఉంటుందండీ, నాలుగేళ్ళు దాటొచ్చు, ఇప్పుడే కదా పసుపు బెల్టుకి వచ్చింది అన్నాడాయన. మార్కెట్లో పుట్టి పెరిగినవాడికి మొదట చెప్పిన మాట అసలు మాట ఎలా అవుతుంది? మా తమ్ముడు చిరునవ్వు నవ్వి, మాస్టారి చెయ్యి అందుకుని, పైన తువ్వాలు కప్పాడు. లోపల రెండు వేళ్ళు నొక్కాడు. రెండు నెలలనట, తర్వాత వాడే చెప్పాడు. మాస్టారు బిత్తరపోయాడు. ఇదేదో ఈ ఊరి మర్యాద కాబోలు అనుకున్నాడు. వాళ్ళ విద్యలో పెద్దవాళ్ళతో చెయ్యి కలిపేటప్పుడు మొత్తం చెయ్యి ఇచ్చి, రెండో చెయ్యి మోచేతికి ఆనించి, తల వంచాలి. పిల్లలకి రోజూ నేర్పేదే. పాపం అదే చేశాడు. మొత్తం చెయ్యి పట్టుకుని, తల వంచి మరీ ఊపాడు.

ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇద్దరి మొహాలూ చూసిన మనిషిని నేనే. ఒకాయన మర్యాద చేశాననుకుని సంతోషంగా వెళ్ళాడు, ఇంకొకాయన బేరం ఖాయమైందని సంతోషంగా వెళ్ళాడు. నాకు నవ్వాగలేదు. ఇంటికెళ్ళి మా తమ్ముడికి, ఒరేయ్, ఆయనకి మన తువ్వాలు భాష రాదురా, ఊరికే చెయ్యి కలిపాడు అని చెప్పాను. తల వంచాడక్కా, నేను చూశాను కదా అన్నాడు. మర్నాడు మాస్టారికీ చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. మరి వెళ్ళి ఆయనతో కాదని చెప్పండి అన్నాను. షెడ్డు ఆయనది కదండీ అన్నాడు. మాస్టార్నీ వదలను నేను. పిల్లలకి ధైర్యం, నిజాయితీ అని రోజూ వల్లె వేయించే మనిషి, ఒక మామిడి వ్యాపారి దగ్గర నోరు తెరవలేకపోయాడు. సీజన్ మొదలైతే ఎలాగూ మర్చిపోతారులెండి అన్నాడు. మా తమ్ముడు అప్పులిచ్చినవాళ్ళని మర్చిపోతాడు గానీ బేరాన్ని ఎందుకు మర్చిపోతాడండీ.

ఉగాది వెళ్ళాక వచ్చిన ఆదివారం బెల్టు పరీక్ష పెట్టారు. కాయ దిగే లోపల షెడ్డు ఖాళీ చెయ్యాలి కనక అదే ఆఖరి రోజు. మేనకోడలి పరీక్ష పసుపు నుంచి ఆకుపచ్చ గీత బెల్టుకి. కానీ షెడ్డు గేటుకి మా తమ్ముడు కట్టించిన ఫ్లెక్సీలో పిల్ల ఫొటో కింద బ్లాక్ బెల్ట్ అని ఇంతింత అక్షరాలు. పక్కన ఆయన ఫొటో పిల్ల ఫొటో కంటే పెద్దది. కుర్చీలకి గుడ్డ తొడుగులు, మైకు, యార్డులో వ్యాపారులందరూ. ముఖ్య అతిథి ఢిల్లీకి సరుకు ఎగుమతి చేసే ఒక పెద్ద షావుకారు. ఆయనతో ఆ ఏడు బేరం కుదరాలి, అదీ అసలు సంగతి. మా మరదలు పట్టుచీర కట్టుకుని, ఏం జరుగుతుందో తెలీక నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పిల్ల గేటు దగ్గర ఆ ఫ్లెక్సీని తలెత్తి ఒక్కసారి చూసి, లోపలికి వెళ్ళి వరసలో తన చోట నిలబడింది. ఆ వయసు పిల్లలు సిగ్గుతో చచ్చిపోతారు. ఇది చావలేదు. దానికి వేరే పని ఉంది.

ఆ పని చేసింది కూడా. మాస్టారు తన్నులు కాచుకునే మెత్తటి ప్యాడ్ పట్టుకుని సరిగ్గా దాని నడుం ఎత్తుకి పెట్టాడు. అది ఎడమ కాలి మీదికి బరువు మార్చుకుంది. మార్చుకుంటున్నప్పుడు మడమ వణకడం నాకు కుర్చీలోంచి కనపడింది. మరదలి గోళ్ళు నా చేతిలో దిగాయి. కుడి మోకాలు మెల్లిగా పైకొచ్చింది, కాలు పక్కకి చాచుకుంది, ప్యాడ్‌కి తగిలింది. ఊరికే తగలడం కాదు, చప్పుడైంది. తగిలాక కూడా కాలు దించలేదు పిల్ల. కింది పెదవి కొరుక్కుని, ఎడమ కాలి మీద అలాగే నిలబడింది. పడలేదు. ఊగింది, పడలేదు. మాస్టారు ప్యాడ్ దించాకనే కాలు దించి, వంగి దణ్ణం పెట్టింది. నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ సమయానికి మా తమ్ముడు ఎక్కడున్నాడనుకున్నారు? గేటు దగ్గర ఫోను చెవికి పెట్టుకుని, షావుకారు కారు డ్రైవరుకి ఏ సందులో తిరగాలో చెప్తున్నాడు. వీపు ఇటు, మొహం రోడ్డు వైపు.

షావుకారు వచ్చాడు. మళ్ళీ త్వరగా వెళ్ళాలన్నాడు. పెద్దవాళ్ళు ఎప్పుడూ వెళ్ళడానికే వస్తారు. మాస్టారు పిల్లలకి బెల్టులు ఇవ్వబోతుంటే మా తమ్ముడు మైకు లాక్కుని, మా అమ్మాయి ఈ సీజన్‌కే బ్లాక్ బెల్టు సాధించింది అని మొదలుపెట్టాడు. విజయవాడ నుంచి తెప్పించి పేరు కుట్టించిన నల్ల బెల్టు వెండి పళ్ళెంలో, చుట్టూ బంతిపూలు. మాస్టారు నేల చూపులు చూస్తున్నాడు. షావుకారు ఫొటో కోసం నిలబడ్డాడు. మా తమ్ముడు బెల్టు విప్పి పిల్ల నడుం చుట్టూ తిప్పబోయాడు. అది ఒకడుగు వెనక్కి వేసింది. వాళ్ళ పద్ధతిలో వంగి దణ్ణం పెట్టింది, తండ్రికే. తర్వాత నెమ్మదిగానే అంది. మైకు ఆయన చేతిలో ఉంది కనక అందరికీ వినపడింది.

"టెంక పట్టలేదు నాన్నా. ఇప్పుడు కోస్తే వడలిపోద్ది."

మా ఊరి వాళ్ళకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. టెంక గట్టిపడని కాయ కోసి ఎంత మగ్గబెట్టినా తోలు పసుపెక్కుతుంది తప్ప లోపల చప్పనే, రెండు రోజుల్లో ముడతలు పడుతుంది. అలాంటి కాయని పైవరసలో పేర్చి అమ్మిన వాళ్ళే ఆ కుర్చీల నిండా. ముందు ఎవరో ఒకడు కిసుక్కున నవ్వాడు, తర్వాత షెడ్డంతా నవ్వింది. షావుకారు కూడా నవ్వాడు. పిల్ల మాత్రం నవ్వలేదు, తండ్రి మొహం వైపే చూస్తోంది.

"నేను ఎడమ కాలి మీద నిలబడ్డాను. చూశావా?"

మా తమ్ముడు చూశానమ్మా అన్నాడు. ఎంత ఎత్తుకి లేపాను అని అడిగింది. ఆయన నా వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు, ఎవరూ సాయం రాలేదు. అప్పుడు చెయ్యెత్తి చూపించాడండీ. దాని తల మీదికి ఇంకో జానెడు ఎత్తు. అమ్మేవాడి చెయ్యి కిందికి ఎందుకు చూపిస్తుంది. పిల్ల ఆ చేతిని చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళి వరసలో నిలబడింది. మాస్టారికి అప్పుడొచ్చింది ధైర్యం, పిల్ల దగ్గర అరువు తెచ్చుకున్న ధైర్యం. ఆకుపచ్చ గీత బెల్టు తీసుకెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని కట్టాడు.

మర్నాడే షెడ్డుకి తాళం పడింది. కాయ వస్తోందన్నాడు మా తమ్ముడు. కాయ వచ్చింది, పోయింది, వానలు పడ్డాయి, తాళం తియ్యలేదు. అప్పుడు నేను మా ఎరువుల కొట్టు పైన డాబా తుడిపించి ఇచ్చాను. అప్పటి నుంచీ క్లాసు అక్కడే. యూరియా బస్తాల మీద కూర్చున్న రైతులు పైన ధబధబ చప్పుడు విని ఏంటండీ అది అని అడిగితే, మా మేనకోడలు పెరుగుతోంది అని చెప్పేదాన్ని. ఒలింపిక్స్ వాళ్ళు, ఐపీయస్ వాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. మా తమ్ముడు ఆ ఏడు నాతో మాట్లాడలేదు, కాయలు కూడా పంపలేదు. బజార్లో కొనుక్కుని తిన్నాను. అప్పుడే తెలిసింది, కింద వరస కాయ కూడా తియ్యగా ఉండొచ్చని. నల్ల బెల్టు పారెయ్యడానికి మా వాడికి మనసొప్పలేదు, పెట్టెలు కట్టుకోవడానికి పెట్టుకున్నాడు. వాడు చేసిన పనుల్లో నేను తప్పు పట్టలేనిది అదొక్కటే.

ఇప్పుడు మేనకోడలు ఇంటర్ రెండో ఏడు పూర్తి చేసింది. వచ్చే నెల విజయవాడలో దానికి నల్ల బెల్టు పరీక్ష. ఎడమ కాలి మీద నిలబడి కుడి కాలు ఎంత ఎత్తుకి లేపుతుందో ఇప్పుడు అదీ చెప్పదు, నేనూ అడగను. తండ్రిని రావొద్దనలేదు. ఫోను ఇంట్లో పెట్టి, ఎవర్నీ వెంట తీసుకురాకుండా, వచ్చి కుర్చీలో కూర్చోమంది. అంతే షరతు. ఈ సంగతి నాకు చెప్పడానికే నిన్న పెట్టె వంక పెట్టుకుని వచ్చాడు మా వాడు. టీ తాగాడు. ఈ ఏడు కలెక్టర్ రకం మామిడికి ధర లేదన్నాడు, ఎండలన్నాడు, మోకాళ్ళ నొప్పులన్నాడు. నేను బెల్టు విప్పి, చుట్ట చుట్టి ఇచ్చాను. అది చేతిలో పట్టుకుని లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు అది ఎడమ కాలి మీద ఎలా నిలబడిందో, నువ్వు చూశావుగా. ఒకసారి చెప్పవా?"

చెప్పాను. మడమ వణకడం చెప్పాను, పెదవి కొరుక్కోవడం చెప్పాను, ప్యాడ్ చప్పుడు చెప్పాను. వాడు మధ్యలో ఆపి, ఊగింది కానీ పడలేదు కదా అని రెండు సార్లు అడిగాడు. పడలేదురా అన్నాను. అంతా అయ్యాక, ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను. ఎన్నిసార్లు చెప్తే చూసినట్టవుతుంది? భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, మోపెడ్ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. పూత మీద తోటలు కొన్నాడు, పిందె మీద కూతుర్ని బేరం పెట్టాడు, ఆ ఒక్క నిమిషాన్ని మాత్రం ఇప్పుడు ఎంతకి అడిగినా అమ్మేవాడు లేడు. కాలం ఎవరి తువ్వాలు కిందా చెయ్యి పెట్టదు.